ఒక మూట బుడ్డల బరువు

కువైట్ నుంచి నేను తెచ్చుకున్నవి
రెండు దుప్పట్లు, ఒక ఇస్త్రీపెట్టె,
తీగల్లేని ఒక ఊద్.
హైదరాబాదు కస్టమ్సాయన దాని పొట్ట తట్టి
"సొరకాయా అమ్మా?" అని నవ్వినాడు.

పెద్దాయన పోయిన వారానికి
కొడుకులు దాన్ని చెత్తబండి పక్కన నిలబెట్టినారు.
పదకొండు బిరడాలు.
ఐదు జంటలు, ఒకటి ఒంటిది.
ఆ లెక్క నాకు కళ్ళతో రాలేదు.
వంటింటి తలుపు వెనక అంట్లు తోముతా
చెవులతో నేర్చుకున్నా.

ప్రొద్దుటూరులో ఊద్ తీగలెవరమ్ముతారు?
బ్యాండుమేళం సామాన్ల అంగడాయన
గిటారు తీగలు చేతిలో పెట్టి
"ఇనుమమ్మా, పదేండ్లుంటాయి" అన్నాడు.
నాలుగోది బిగిస్తాంటే
ముఖం పలక
పెదవి కొరుక్కున్నట్టు లోపలికి పోయింది.
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పరుపులంగడి మౌలాలప్ప
దాన్ని తొడ మీద పెట్టుకొని
పలక అంచును గోటితో గీకి చూసినాడు.
"కాశింబీ, దీని మందమెంత?"
"గోరంత."
"దీనికి నువ్వు కట్టే బరువెంత?"
తీగకు మూడున్నర కిలోల పైన,
అన్నీ కలిపితే నలభై అని చెప్పినా.
"అంటే ఒక మూట బుడ్డలు.
ఇనుమైతే రెండు మూటలు.
గోరు మీద మూటబెట్టి
పాడమంటివి గదా తల్లీ."

ఇప్పుడు దూదిని మిషనే ఏకుతుంది.
ఆయన విల్లు గోడకుంది, క్యాలెండరు పక్కన.
దించి, మేకపేగు నారి మీద దుమ్ము తుడిచి
గూటంతో ఒక్క దెబ్బ.
పేర్చిన పరుపులన్నీ ఊపిరి పీల్చినట్టయింది.

"వదులైతే దూది నారికి సుట్టుకుంటాది.
బిగువైతే పోగు తెగి పిండైతాది.
నడుమ ఒకటుంటాది, దానికి పేరు లేదు.
బొటనేలికి తెలుస్తాది."

మైలవరం డ్యామ్‌లో చేపలు పట్టేవాళ్ళ దగ్గర
గేలం దారం కొన్నా, సన్నం లావు మూడు రకాలు.
లావు దారాన్ని అదే ఎత్తుకు పలికించాలంటే
ఎద్దును గుంజినట్టు గుంజాల.
సన్నది చెప్పిన మాట వింటుంది గానీ
మరీ సన్నదైతే దోమ మాట్లాడినట్టు.
నడిమిది కట్టినా.

మంద్రానికి పట్టు మీద వెండి చుట్టినవి
పోస్టులో రెండు ప్యాకెట్లు తెప్పించినా.
గట్టివి, మెత్తనివి.
మెత్తనివి కట్టినప్పుడు తిట్టుకున్నా,
నీళ్ళచారు మాదిరున్నాయని.
మూడోనాటికి సాగడం ఆగి
చెక్క నోట్లోంచి మాట కింద మాటగా వచ్చినాయి.

పెద్దాయన ఫ్రిజ్జు గుర్రుకు శ్రుతి పట్టేవాడు.
ఇక్కడ కరెంటును నమ్మలేం.
నేను విల్లు దెబ్బకు పట్టినా.
కువైట్ కంటే ఒక మెట్టు కిందికి.
ముఖం పలక ఇంక కొరుక్కోలేదు.

జంటలో రెండూ ఒకటే పలకాలంట.
పలకవు.
ఒకే గదిలో పడుకునే ఇద్దరు పనిమనుషుల మాదిరి
ఒకతె నిద్రపోతే ఇంకొకతె మెలకువ.

మే నెలలో నాపరాళ్ళు రాత్రంతా వేడి కక్కుతాయి.
బిరడాలకు బడి సుద్దముక్క రుద్దినా
నడిరేయి ఒకటి కుర్రుమని జారుతుంది.
చీకట్లో ఆ తీగ దిగిపోవడం వింటా పడుకుంటా.
కొన్నిసార్లు లేస్తా. కొన్నిసార్లు లేవను.
గట్టివాటి ప్యాకెట్టు బీరువాలో చీరల కిందుంది.
విప్పలేదు, ఎవరికీ ఇయ్యలేదు.

నాకు పాటలు రావు.
నూనెసీసా కోసి చేసిన బద్దతో
తలుపు వెనక విన్న ఆ ఒక్కటే మీటుతా.
నడుమ ఒకచోట ఆయన ఆగి దగ్గేవాడు.
నా చెయ్యి అక్కడికొచ్చి
ఆగుతుంది.